గ్యారేజీలో బండి, బీరువాలో పాలసీ

"తాతా, నవంబరు నుంచి మార్చి దాకా బండి కదలదు. కదలని బండికి ఇన్సూరెన్స్ ఎందుకు దండగ? తీసేస్తే నాలుగు డాలర్లు మిగులుతాయి కదా!" అని మిన్నెసోటా నుంచి మనవడు అడిగాడు. లెక్క వినడానికి బాగానే ఉంది. వాడుండే మినియాపొలిస్ చలి మన సంక్రాంతి చలి లాంటిది కాదు మరి. జనవరి రాత్రుల్లో సున్నాకి పది, పదిహేను డిగ్రీలు కిందికి దిగినా అక్కడ ఎవరూ వింతగా చెప్పుకోరు. మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లలో మోటార్‌సైకిల్ తోలే సాహసం చాలామంది చెయ్యరు. అక్టోబరు ఆఖరుకి గ్యారేజీలో పెట్టిన బండి మళ్లీ వెలుగు చూసేది ఏప్రిల్లోనే.

కానీ నాయనా, బండి ఆగితే ప్రమాదాలన్నీ ఆగవు. ఏది ఆగింది, ఏది ఆగలేదు అన్నది విడదీసి చూసుకోవాలి. పాలసీ కాగితం కూడా అలా విడివిడిగానే రాసి ఉంటుంది, మనమే చదవం.

అమెరికా పాలసీలో ముఖ్యంగా మూడు పద్దులుంటాయి. లయబిలిటీ అంటే నీ బండి వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టం. మిన్నెసోటా చట్టం ప్రకారం ఒక మనిషి గాయాలకి 30 వేల డాలర్లు, ప్రమాదం మొత్తం మీద గాయాలకి 60 వేలు, ఆస్తి నష్టానికి 10 వేలు తగ్గకుండా ఉండాలి. రెండోది కొలిజన్, నీ బండి దేన్నైనా గుద్దితే దాని రిపేరుకి. మూడోది కాంప్రిహెన్సివ్. దొంగతనం, అగ్ని ప్రమాదం, మీద ఏదైనా విరిగిపడటం, జంతువులు పాడుచెయ్యడం, ఇవన్నీ ఇందులోకి వస్తాయి.

మొదటి రెండూ బండి తిరిగితేనే పనికొచ్చేవి. మూడోదానికి బండి తిరగనక్కర్లేదు. ఐదు నెలలు ఒకే చోట కదలకుండా ఉండే బండి అంటే దొంగకి మరీ వీలు. అందుకే అక్కడ చాలా కంపెనీలు శీతాకాలానికి మొదటి రెండూ పక్కన పెట్టి కాంప్రిహెన్సివ్ ఒక్కటే ఉంచుతాయి. దీన్నే లే-అప్ కవరేజీ అంటారు. పాలసీ బతికే ఉంటుంది, ఖర్చు తగ్గుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. గ్యారేజీలో స్టాండు జారి బండి పక్కకి పడి ట్యాంకు సొట్టపోయిందనుకో. అది ఏ పద్దు? కదలకుండా ఉన్నప్పుడు జరిగింది కాబట్టి కాంప్రిహెన్సివ్ అనుకుంటాం. చాలా పాలసీల్లో బండి బోర్లాపడటం కొలిజన్ కిందే లెక్క. నువ్వేమో దాన్ని నవంబరులోనే తీసేశావు! కాబట్టి సైడు స్టాండు మీద వాల్చి వదిలెయ్యకు. సెంటర్ స్టాండో, గట్టి ప్యాడాక్ స్టాండో వెయ్యి.

ఇంతకన్నా పెద్ద విడ్డూరం ఇంకొకటి. శీతాకాలమని ఇంత హడావిడి చేస్తున్నాం కదా, ఆ చలి వల్ల నేరుగా జరిగే నష్టానికి మాత్రం కంపెనీ సాధారణంగా పైసా ఇవ్వదు. గడ్డకట్టడం, అరుగుదల, తనంతట తాను పాడైపోవడం, ఇవి మినహాయింపుల జాబితాలో ఉంటాయి. చిన్న అక్షరాల్లో వెతుకు, కనబడుతుంది. ఆ భాగం సైన్సుతో మనమే చూసుకోవాలి.

బ్యాటరీ సంగతే తీసుకో. సీసం-ఆమ్లం బ్యాటరీలో ఉండేది నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. నిండుగా ఛార్జింగ్ ఉన్నప్పుడు ఆమ్లం గాఢంగా ఉంటుంది, అప్పుడది మైనస్ 50 డిగ్రీలు దాటినా గడ్డకట్టదు. ఛార్జింగ్ దిగిపోయే కొద్దీ ఆమ్లంలోని సల్ఫేటు వెళ్లి సీసం పలకల మీద పేరుకుంటుంది, మిగిలే ద్రవం నీళ్లలా పల్చబడుతుంది. అది మైనస్ 7, 8 డిగ్రీలకే మంచైపోతుంది. మంచు అయ్యేటప్పుడు నీళ్లు ఉబ్బుతాయి కదా, ఆ ఉబ్బుకి పలకలు వంగుతాయి, డబ్బా పగులుతుంది. అంటే చలి ఒక్కటే బ్యాటరీని చంపదు, చలి, ఖాళీతనం రెండూ కలిస్తే చస్తుంది. గడియారం, అలారం లాంటివి బండి ఆపి ఉన్నా చుక్కచుక్కగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అందుకని బ్యాటరీ మెయింటెయినర్ తగిలించి ఉంచాలి, లేదా బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టుకోవాలి. ఊడదీస్తే మాత్రం అలారం మూగబోతుందని గుర్తుంచుకో. అప్పుడు చక్రానికి లావుపాటి గొలుసు వేసి, నేలలో దిగేసిన కొక్కేనికి తాళం వెయ్యి.

వారానికోసారి ఇంజను స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచితే మంచిదని కొందరు చెబుతారు. వద్దు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి! పెట్రోల్లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది మరి. రోడ్డు మీద ఇంజను బాగా వేడెక్కితే అది ఆవిరై సైలెన్సరు దాటి పోతుంది. చల్లటి గ్యారేజీలో ఐదు నిమిషాల వేడి చాలదు. ఆ తేమ సైలెన్సరులోనూ ఆయిల్లోనూ చేరి లోపలే తుప్పు పెడుతుంది. దానికి బదులు పడుకోబెట్టే ముందు ఆయిల్ మార్చి, ట్యాంకు నిండా పెట్రోలు పోసి, ఫ్యూయెల్ స్టెబిలైజర్ కలిపి, అది ఇంజను దాకా వెళ్లేలా కాసేపు నడిపి ఆపెయ్యి. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటుండదు, గాలి లేకపోతే తేమ కూడా అంతగా చేరదు.

ఎలుకలు మరో రకం. చలికి వెచ్చదనం వెతుక్కుంటూ ఎయిర్‌ఫిల్టర్ డబ్బాలో దూరి సీటు దూది పీకి గూడు కడతాయి, వైర్లు కొరుకుతాయి. దీనికి చాలా కాంప్రిహెన్సివ్ పాలసీలు డబ్బిస్తాయి, కానీ డిడక్టిబుల్, అంటే ముందుగా నువ్వే భరించాల్సిన మొత్తం, పోగా. 500 డాలర్ల డిడక్టిబుల్ పెట్టుకుని 300 డాలర్ల వైర్లు పోతే చేతికొచ్చేది సున్నా.

ఇక నీ అసలు ప్రశ్న, పూర్తిగా రద్దు చేసేస్తే ఎంత మిగులుతుంది? ఇక్కడ కంపెనీవాడు మనకన్నా ముందున్నాడు, వాడికి గణితం తోడుంది. స్విట్జర్లాండు గణితజ్ఞుడు యాకోబ్ బెర్నూలీ పుస్తకం ఆయన పోయిన ఎనిమిదేళ్లకి, 1713లో అచ్చయింది. ఒక్కరి విషయంలో ఏం జరుగుతుందో చెప్పలేకపోయినా, చాలామందిని కలిపి చూస్తే లెక్క నిలకడగా తేలుతుందని ఆయన నిరూపించాడు. బీమా వ్యాపారమంతా దాని మీదే నడుస్తుంది. చలి ప్రాంతాల్లో మోటార్‌సైకిల్ క్లెయిములు ఎక్కువగా వేసవిలోనే వస్తాయని కంపెనీకి తెలుసు. ఏడాది ప్రీమియం అంటారు గానీ అందులో పెద్ద భాగం ఆ వేసవి నెలలదే. మన నూజివీడులో మామిడి తోట ఏడాదికి కౌలు తీసుకుని, కాయ కోసి అమ్ముకున్నాక "మిగిలిన నెలల కౌలు వెనక్కియ్యి" అంటే రైతు నవ్వడూ? కెనడాలో చాలా కంపెనీలు ఇదే లెక్కన నవంబరులో రద్దు చేసినవాళ్లకి నామమాత్రం చేతిలో పెడతాయి. పైగా బీమా మధ్యలో తెగిందని చరిత్రలో పడితే వచ్చే ఏడు ప్రీమియం పెరగొచ్చు. నా మటుకు పూర్తి రద్దు తెలివితక్కువ పని.

అప్పు మీద కొన్న బండి అయితే కొలిజన్ తీసే హక్కు కూడా నీకు లేనట్టే. అప్పిచ్చినవాడు కొలిజన్, కాంప్రిహెన్సివ్ రెండూ ఉండాలని ఒప్పందంలో రాయించుకుంటాడు. తీసేస్తే తనే ఖరీదైన పాలసీ కొని, తన సొమ్ముకి కాపలా పెట్టుకుని, బిల్లు నీకు పంపుతాడు. ఇంటి ఇన్సూరెన్స్ ఉందిగా అంటావేమో, రోడ్డు మీద తిరిగే రిజిస్ట్రేషన్ బళ్లని అది మామూలుగా లెక్కలోకి తీసుకోదు. కొన్ని రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉన్నంతకాలం లయబిలిటీ తియ్యనే కూడదు. ఏ రాష్ట్రం రూలు ఆ రాష్ట్రానిదే, అడిగి తెలుసుకో.

ఈ చిక్కుని జర్మనీవాళ్లు నెంబరు ప్లేటు మీదే తేల్చేశారు. ప్లేటు కుడి అంచున 04, దాని కింద 10 అని ఉంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే ఆ బండి రోడ్డెక్కాలి. మిగతా నెలల్లో సొంత స్థలంలో ఉంచాలి, విశ్రాంతి బీమా దానంతటదే నడుస్తుంది. బ్రిటన్‌లో 2011 నుంచి బీమా లేని బండికి "రోడ్డు మీదికి తేను" అని ప్రభుత్వానికి ప్రకటన ఇవ్వాలి. ప్రకటన ఉచితం, ఇవ్వకపోతే 100 పౌండ్ల జరిమానా. ఈ రెంటిలో నాకు జర్మనీ పద్ధతే నచ్చింది. మతిమరుపుకి తావు లేదు.

మన గుంటూరులో మంచు పడదు గానీ, పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లి ఆరునెలలు ఉండే పెద్దల స్కూటర్లకి ఇదే తంటా. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి థర్డ్ పార్టీ ఐదేళ్లకి వస్తుంది. సొంత నష్టం భాగాన్ని ఎక్కువమంది ఏడాదికే తీసుకుంటారు. అది అయిపోయి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ గోవిందా. 20 శాతంతో మొదలై 50 దాకా ఎదిగిన తగ్గింపు అది. అక్కణ్ణించే ఫోన్లో రెన్యువల్ చేసుకోవచ్చు, పెద్ద పనేం కాదు.

మళ్లీ నీ దగ్గరికే వస్తా నాయనా. ఫిబ్రవరిలో ఎప్పుడో ఒక ఎండరోజు వస్తుంది, చెయ్యి దురద పెడుతుంది. లయబిలిటీ ఆపి ఉన్నప్పుడు వీధి చివరిదాకా వెళ్లినా చట్టరీత్యా తప్పే. ఎవరికైనా తగిలితే ఆ ఖర్చంతా నీ జేబులోంచే. అక్టోబరులోనే ఏజెంటుకి ఫోన్ చేసి తేదీలు రాయించుకో. వసంతంలో కవరేజీ తిరిగి మొదలైనట్టు కాగితం చేతికొచ్చాకే బండి తియ్యి.