డైమండ్ రింగ్ కొంటున్నారా? సర్టిఫికెట్ చూస్తే సరిపోదు.. రాయి గట్టిగా ఉందో లేదో ఇలా చెక్ చేయండి!

2023 జూన్ 9న వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి.. 2024 ఆగస్టు 8న నాగచైతన్య, శోభిత ధూళిపాళ.. టాలీవుడ్‌లో ఏ జంట నిశ్చితార్థం జరిగినా ఫొటోలు క్షణాల్లో మన ఫోన్లలోకి వచ్చేస్తాయి. ఉంగరం ఎలా ఉందా అని జూమ్ చేసి చూసేవాళ్లకూ కొదవ లేదు. మరి మన డబ్బులు పెట్టి మనం కొనే ఉంగరాన్ని అంత దగ్గరగా చూస్తున్నామా?

మోతీనగర్ నుంచి జూబ్లీహిల్స్‌కో, పంజాగుట్టకో వెళ్లి ఓ కుటుంబం డైమండ్ రింగ్ కొంటోందనుకుందాం. సాధారణంగా అడిగేవి మూడే.. ఎన్ని క్యారెట్లు? సర్టిఫికెట్ ఉందా? మజూరీ ఎంత తగ్గిస్తారు? కానీ అసలు ప్రశ్న మరొకటి ఉంది. ఆ రాయి ఉంగరంలో ఎంత గట్టిగా కూర్చుంది? ఎందుకంటే సెట్టింగ్ వదులైతే రాయి ఏ రోజు, ఎక్కడ జారిపోతుందో తెలియదు. సింక్‌లో పడితే ఇక అంతే సంగతులు.

కాగితాలు ఏం చెబుతాయి? ఏం చెప్పవు?

జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబ్‌ల సర్టిఫికెట్‌లో వజ్రం బరువు, రంగు, స్వచ్ఛత, కట్ వివరాలు ఉంటాయి. అది సహజ వజ్రమా, ల్యాబ్‌లో తయారైనదా అన్నదీ తెలుస్తుంది. ఇక బంగారం సంగతి హాల్‌మార్క్ చెబుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెలతో ఉండే హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. ఉంగరం లోపలి వైపు ఉన్న ఆ కోడ్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే బంగారం స్వచ్ఛత వివరాలు వచ్చేస్తాయి.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ రాయిని ఉంగరంలో ఎంత శ్రద్ధగా బిగించారన్నది ఈ రెండూ చెప్పవు. అది మన కళ్లతోనే చూసుకోవాలి.

బామ్మల రవ్వల దుద్దులు వేరు.. ఈ ఉంగరం వేరు

బామ్మల కాలం నాటి రాళ్ల నగల్లో చాలావరకు వెనుక వైపు బంగారంతో మూసేసి ఉంటుంది. రాయి చుట్టూ బంగారం అంచు కప్పి ఉంటుంది కాబట్టి పట్టు ఎక్కువ. ఇప్పటి ఎంగేజ్‌మెంట్ రింగ్‌లలో ఎక్కువగా కనిపించేది ఓపెన్ సెట్టింగ్. కింద నుంచి కూడా వెలుతురు తగిలి రాయి మెరవాలని వెనుక ఖాళీగా వదిలేస్తారు. రాయిని పట్టుకునేది నాలుగో, ఆరో సన్నటి బంగారు కాళ్లు మాత్రమే. వీటినే ప్రాంగ్స్ అంటారు. టిఫనీ కంపెనీ 1886లో తెచ్చిన ఆరు ప్రాంగ్స్ డిజైన్ ఈ తరహా ఉంగరాలకు ప్రపంచమంతా పేరు తెచ్చింది. నాలుగు ప్రాంగ్స్ ఉంటే రాయి ఎక్కువగా కనిపిస్తుంది. కానీ ఒక్కటి విరిగినా రాయి జారిపోయే ప్రమాదం ఉంది. ఆరు ఉంటే ఒకటి పోయినా మిగతావి కాపాడే అవకాశం ఎక్కువ.

షాపులోనే పది నిమిషాల్లో చేసే పరీక్షలు

1. లూప్ అడగండి: వస్తువును పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం ఇది. వజ్రాలు అమ్మే షాపులో ఉండే వస్తువే. మొహమాటపడకుండా అడిగి తీసుకోండి. ప్రాంగ్స్ అన్నీ ఒకే సైజులో ఉన్నాయా, వాటి కొనలు రాయి మీద పూర్తిగా ఆనుకుని ఉన్నాయా చూడాలి. కొనకీ, రాయికీ మధ్య సందు కనిపిస్తే ఆ ఉంగరం వద్దని చెప్పేయండి.

2. పక్క నుంచి చూడండి: ఉంగరాన్ని కంటికి ఎదురుగా పెట్టుకుని చూస్తే రాయి పైభాగం సమంగా ఉండాలి. ఒకవైపు వాలినట్టు ఉంటే బిగింపులో తేడా ఉన్నట్టే.

3. చెవి దగ్గర ఊపండి: ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టి వేలితో మెల్లగా తట్టండి. టిక్ టిక్‌మని సన్నటి శబ్దం వస్తే ఏదో ఒక రాయి వదులుగా ఉందని అర్థం.

4. చున్నీ పరీక్ష: పల్చటి చున్నీ మీదో, కర్చీఫ్ మీదో ఉంగరాన్ని మెల్లగా జరపండి. పోగు పట్టుకుంటే ప్రాంగ్ కొన సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఇక్కడ వదిలేస్తే రేపు పట్టుచీర జరీకి తగులుకుంటుంది. చీర పోగు లేస్తుంది, ప్రాంగ్ కూడా పైకి లేస్తుంది.

5. తిరగేసి చూడండి: పనితనం బయటపడేది వెనుక వైపే. అక్కడ చిన్న చిన్న గుంతలు, గరుకు అంచులు, మాటు పెట్టిన చోట ముద్దలు ఉంటే హడావుడిగా చేసిన పని అని గుర్తు. మంచి ఉంగరం లోపల కూడా నున్నగా ఉంటుంది.

6. చిన్న రాళ్లను వదలొద్దు: ఉంగరం చుట్టూ వరుసగా పొదిగే చిన్న వజ్రాలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. చతురస్రం ఆకారంలో ఉండే ప్రిన్సెస్ కట్ అయితే నాలుగు మూలలకూ బంగారం కప్పి ఉండాలి. వజ్రం గట్టిదే కానీ మూల మీద దెబ్బ తగిలితే పెచ్చు ఊడుతుంది.

22 క్యారెట్లే కావాలని పట్టుబట్టొద్దు

మన ఇళ్లలో బంగారం అంటే 22 క్యారెట్లే. కానీ అది మెత్తన. సన్నటి ప్రాంగ్స్‌కి 18 క్యారెట్ల బంగారం నయం. అందులో 75 శాతం బంగారం, మిగతాది గట్టిదనం ఇచ్చే లోహాలు. హాల్‌మార్క్‌లో 750 అని ఉంటుంది. 14 క్యారెట్లయితే 585 అని ఉంటుంది. అలాగే వేలి కింది వైపు రింగ్ మందం కనీసం 1.5 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి. బరువు తగ్గించాలని మరీ సన్నగా చేస్తే త్వరగా వంగుతుంది. రింగ్ వంగితే రాళ్లూ వదులవుతాయి.

బిల్లులో ఈ లెక్క చూశారా?

బిల్లులో ఉంగరం మొత్తం బరువు, నికర బంగారం బరువు, వజ్రం బరువు విడివిడిగా రాయించుకోండి. వజ్రం ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. ఉంగరం మొత్తం 4.200 గ్రాములు ఉండి, అందులో అర క్యారెట్ వజ్రం ఉంటే, బంగారం 4.100 గ్రాములే. రాయి బరువుకు మళ్లీ బంగారం రేటు కట్టాల్సిన పనిలేదు. సర్టిఫికెట్ నంబర్‌ను రాయి అంచు మీద లేజర్‌తో చెక్కి ఉంటే, లూప్‌లో చూపించమని అడిగి సరిపోల్చుకోండి.

డబ్బులు కట్టే ముందు మరో రెండు ప్రశ్నలు. రాయి వదులైతే ఉచితంగా బిగించి ఇస్తారా? ఎన్నాళ్ల వరకు? సైజు మార్చాల్సి వస్తే పక్కన ఉన్న చిన్న రాళ్ల బాధ్యత ఎవరిది? జవాబులు నోటిమాటగా కాదు, బిల్లు మీద రాయించుకోండి.

కొన్నాక మర్చిపోవద్దు

చపాతీ పిండి కలిపేటప్పుడు, గిన్నెలు తోమేటప్పుడు ఉంగరం తీసి పక్కన పెట్టండి. ఆరు నెలలకోసారి షాపులో చూపించండి. రాయి కదులుతున్నట్టు అనిపిస్తే ఆ క్షణమే తీసి చిన్న కవర్‌లో వేసి, బిగించాకే మళ్లీ పెట్టుకోండి.

కోహినూర్ లాంటి వజ్రాలు పుట్టిన నేల మనది. రాయి విలువ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇకపై దాన్ని పట్టుకుని ఉన్న ఆ సన్నటి ప్రాంగ్స్‌ను కూడా ఓసారి చూడండి. పది నిమిషాలు ఆలస్యమైతే షాపువాళ్లు ఏమనుకుంటారో అనే మొహమాటం వద్దు. అది మీ కష్టార్జితం!