బెజవాడా? విశాఖా? మకాం మార్చే ముందు ఆలోచించండి
పేరు కంటే పేట ముఖ్యం

విజయవాడ: బదిలీ ఉత్తర్వు చేతికందగానే ఉద్యోగి ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే. కుటుంబంతో సహా తరలి వెళ్లడమా, పిల్లల్ని ఇక్కడే ఉంచి వారానికోసారి వచ్చి పోవడమా? ఆ బదిలీ విజయవాడ, విశాఖపట్నం మధ్య అయితే ఈ చర్చ ఒక పట్టాన తేలదు. రెండూ కోస్తా నగరాలే. మాట్లాడే భాష ఒకటే, బడిలో పాఠ్యపుస్తకాలూ అవే. నడుమ దూరం సుమారు 350 కిలోమీటర్లు. ‘అదే రాష్ట్రం కదా, పెద్ద తేడా ఏముంటుంది’ అనుకుని సామాను లారీకి ఎక్కించిన వారికి మూడు నెలలు గడిస్తే గానీ తేడాలు తెలిసిరావు. అప్పటికే ఇంటికి అడ్వాన్సు ఇచ్చి, పిల్లలకు ఫీజులు కట్టి ఉంటారు. వెనక్కి రావడం అంత తేలిక కాదు. అందుకే బయలుదేరక ముందే రెండు నగరాల స్వభావాన్ని అర్థం చేసుకోవడం అవసరం.

విస్తీర్ణమే అసలు తేడా

విజయవాడ నగరపాలక సంస్థ పరిధి సుమారు 62 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 10 లక్షలకు పైగా జనం ఉన్నారు. విశాఖ సంగతి వేరు. 2005లో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. ఆ తర్వాత భీమునిపట్నం, అనకాపల్లి కూడా చేరడంతో విస్తీర్ణం 600 చదరపు కిలోమీటర్లు దాటింది. జనాభాలో విజయవాడకు రెట్టింపు కూడా లేని నగరం విస్తీర్ణంలో పది రెట్లకు పైగా ఉందన్నమాట. కొండలు, అటవీ భూములు, నౌకాదళ స్థావరాలు, ఉక్కు కర్మాగారం వంటివి నడుమ ఉండటం వల్ల నివాస ప్రాంతాలు దూరదూరంగా విస్తరించాయి.

నిత్యజీవితంలోని చాలా తేడాలకు మూలం ఇదే. విజయవాడలో ఏ పేటలో ఇల్లు తీసుకున్నా బడి, బజారు, ఆసుపత్రి, రైల్వేస్టేషను నాలుగైదు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. విశాఖలో మధురవాడలో ఇల్లు, గాజువాక దాటాక ఉద్యోగం అయితే ఒకవైపు ప్రయాణమే పాతిక కిలోమీటర్లకు పైన. రానూ పోనూ రోజుకు రెండు మూడు గంటలు రోడ్డు మీదే గడిచిపోతాయి. సముద్రం చూసి సంబరపడి తీరం పక్కన ఇల్లు తీసుకుని, పరవాడలోని ఫార్మాసిటీలో కొలువు చేసేవారికి సముద్రాన్ని చూసే తీరిక ఆదివారం తప్ప దొరకదు.

అలాగని విజయవాడలో ప్రయాణం సుఖమని చెప్పలేం. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, రైలు మార్గాలు నగరాన్ని ముక్కలు చేశాయి. ఒక ముక్క నుంచి మరో ముక్కకు వెళ్లాలంటే వంతెనే శరణ్యం. అక్కడే వాహనాలు బారులు తీరుతాయి. 2020లో కనకదుర్గ పైవంతెన, బెంజిసర్కిల్ తొలి పైవంతెన అందుబాటులోకి వచ్చాక జాతీయ రహదారిపై ఒత్తిడి కొంత తగ్గినా, వన్‌టౌన్ ఇరుకు వీధుల్లో కారు నిలపడానికి చోటు దొరకడం నేటికీ కష్టమే.

కొలువును బట్టి ఊరు

విశాఖ పరిశ్రమల నగరం. ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం, తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఇక్కడున్నాయి. రుషికొండలో ఐటీ సంస్థలు, అచ్యుతాపురం, పరవాడలలో మందుల పరిశ్రమలు ఉన్నాయి. సాంకేతిక విద్య చదివిన వారికి ఒక ఉద్యోగం పోతే అదే ఊళ్లో మరొకటి వెతుక్కునే వీలుంటుంది.

విజయవాడ వర్తక, రవాణా నగరం. టోకు వ్యాపారం, ఆటోనగర్ లారీ పరిశ్రమ, కళాశాలలు, ఆసుపత్రులు దీనికి జీవనాధారం. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చాక ప్రభుత్వ కార్యాలయాల రాకపోకలూ పెరిగాయి. సొంతంగా దుకాణమో, ఏజెన్సీయో పెట్టుకోదలచిన వారికి నలుమూలల నుంచి సరుకు చేరే ఈ కూడలి అనుకూలం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే బదిలీ అయిన వారి జీతం ఒక్కటే లెక్క వేసుకుంటే చాలదు. రెండోవారికి కొత్త ఊళ్లో పని దొరుకుతుందా అన్నది ముందే విచారించుకోవాలి.

నీరు, గాలి, ఎండ

కృష్ణా తీరాన పెరిగిన వారికి తాగునీటి విలువ విశాఖ వెళ్లాకే తెలుస్తుంది. విశాఖకు ఆనుకుని జీవనది లేదు. మేహాద్రి గెడ్డ, తాటిపూడి, రైవాడ జలాశయాలు, దాదాపు 150 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే ఏలేరు కాలువ నీటిపై నగరం ఆధారపడుతోంది. వానలు మొహం చాటేసిన ఏడాది వేసవిలో ఇబ్బంది తప్పదు. అద్దె మాట్లాడే ముందే కుళాయి నీరు రోజూ వస్తుందా, ఎంతసేపు వస్తుంది, ట్యాంకరు ఖర్చు ఎవరిది అన్నవి అడగాలి. విజయవాడలోనూ కొండ మీది ఇళ్లకు ఈ ప్రశ్నలు వర్తిస్తాయి. అద్దె తక్కువని అక్కడికి వెళితే మెట్లెక్కడం వృద్ధులకు నిత్య పరీక్షే.

ఎండల విషయంలో విజయవాడ పేరు చెబితేనే చెమటలు పడతాయి. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల వరకు వెళ్లిన సందర్భాలున్నాయి. విశాఖలో సముద్రపు గాలి వల్ల అంత ఎండ ఉండదు గానీ ఉక్కపోత ఎక్కువ. తీరానికి దగ్గరి ఇళ్లలో ఇనుప గ్రిల్లు, వాహనాలు త్వరగా తుప్పు పడతాయి. ఓడరేవు పరిసరాల్లోని పాతనగరంలో బొగ్గు ధూళి సమస్య ఏళ్లుగా ఉంది. ఇంట్లో ఆయాసంతో బాధపడేవారుంటే ఆ ప్రాంతాల్లో ఇల్లు తీసుకోకపోవడం మేలు.

విపత్తులను మరవొద్దు

రెండు నగరాలూ ప్రకృతి ఆగ్రహాన్ని చవిచూశాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటి నగరాన్ని అతలాకుతలం చేసింది. చెట్లు, విద్యుత్ స్తంభాలు కూలి, రోజుల తరబడి కరెంటు లేకుండా జనం గడిపారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఒక కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ వాయువు పలువురి ప్రాణాలు తీసింది. కర్మాగారాల పక్కన ఇల్లు తీసుకునేవారికి అదొక హెచ్చరిక.

విజయవాడలో 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం, న్యూరాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. కింది అంతస్తుల్లోని సామాను సర్వం పాడైంది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినా, రక్షణ గోడ పుణ్యమా అని కృష్ణలంక చాలావరకు గట్టెక్కింది. అంతకు ఒకరోజు ముందు, ఆగస్టు 31న, మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. ఒకే నగరంలో ఒక పేట మునిగితే, మరో పేట నిలబడింది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు యజమానిని కాదు, ఎదురింటి వారిని అడగండి, ‘వరదలో నీరు ఎంతవరకు వచ్చింది’ అని. గోడ మీద మరక ఎక్కడుందో వారే చూపిస్తారు.

పిల్లల చదువు

రాష్ట్ర సిలబస్‌లో చదివే పిల్లలకు ఊరు మారినా పాఠాలు మారవు. అయితే తల్లిదండ్రులు గమనించాల్సింది ఒకటుంది. జిల్లా స్థాయి ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికతను నిర్ణయించేందుకు పదో తరగతి వరకు ఎక్కడ చదివారన్నది పరిగణనలోకి తీసుకుంటారు. బడి చదువు మధ్యలో జిల్లా మారితే రేపు పిల్లలు ఏ జిల్లాకు స్థానికులవుతారన్న ప్రశ్న తలెత్తుతుంది. పాత బడి నుంచి బదిలీ పత్రంతో పాటు అన్ని తరగతుల స్టడీ సర్టిఫికెట్లు తీసుకుని భద్రపరచుకోవాలి. పదేళ్ల తర్వాత ఆ బడి ఉంటుందో, మూతపడుతుందో చెప్పలేం. తొమ్మిది, పది తరగతుల నడుమ మార్పు కంటే పరీక్షలు ముగిశాక మకాం మార్చడం పిల్లలకు తేలిక.

బంధువులు, రాకపోకలు

చెన్నై, హైదరాబాద్, విశాఖ దిక్కులకు వెళ్లే రైళ్లన్నీ కలిసే పెద్ద కూడలి విజయవాడ. గుంటూరు, ఏలూరు, మచిలీపట్నం వాసులకు పండక్కి సొంతూరు గంటా రెండు గంటల దూరమే. విశాఖ నుంచి అదే ప్రయాణానికి నెలల ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి. పైగా కొన్ని రైళ్లు విశాఖ స్టేషనులోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. శ్రీకాకుళం, విజయనగరం వారికి మాత్రం విశాఖే దగ్గరి దారి. ఇంటి వద్ద ఒంటరిగా ఉండే తల్లిదండ్రులకు అర్ధరాత్రి ఆపద వస్తే ఎంతసేపట్లో చేరగలమన్నది జీతం లెక్కల్లో కనిపించని ఖర్చు.

వెళ్లే ముందు ఒక్కసారి...

* ముందుగా పని చేసే చోటును, తర్వాత పిల్లల బడిని ఎంచుకోండి. ఆ రెంటి నడుమ ఇల్లు వెతకండి.
* ఉద్యోగానికి వెళ్లే సమయంలోనే, సోమవారం ఉదయం, ఆ దారిలో ఒకసారి బస్సులో ప్రయాణించి చూడండి. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చినందున బస్సు మార్గంలో ఇల్లుంటే నెల ఖర్చు తగ్గుతుంది.
* వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి ఆ పేటను చూడగలిగితే మంచిది. వీలుకాకపోతే అక్కడి కిరాణా దుకాణదారుని అడగండి.
* వీలైతే తొలి ఏడాది అద్దె ఇంట్లోనే ఉండండి. స్థలం, ఫ్లాటు కొనుగోలు తర్వాత ఆలోచించవచ్చు.

ఏ నగరం గొప్పదన్న వాదన కాలక్షేపానికి బాగుంటుంది. మన కొలువుకు, మన పిల్లలకు, మన పెద్దవారికి ఏ పేట నప్పుతుందన్న లెక్క తేలితే మకాం మార్పు భారం కాబోదు. ఆ లెక్క తేలని పక్షంలో కొన్నాళ్లు ఒక్కరే వెళ్లి చూసి రావడంలో తప్పు లేదు.