బుజ్జిగాడికి బాత్రూమ్ పాఠాలు

పిల్లలు మారాం చేశారని రెండు నెలల కుక్కపిల్లని తెచ్చేస్తాం. పెరడున్న ఇల్లయితే సరే, నాలుగో అంతస్తులో ఫ్లాటైతే? వారం తిరక్కుండానే సోఫా కింద ఓ మడుగు, పూజగది ముందు మరోటి. 'తిరిగిచ్చేద్దాం' అన్న మాట అప్పుడే మొదలవుతుంది. కానీ తప్పు దానిది కాదు. ఆ వయసులో 2-3 గంటలకు మించి ఆపుకోలేదు.

నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడుకున్నాక... దానికి అవసరం పడే వేళలివే. వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే వెంటనే ఎత్తుకుని బాల్కనీలో పరిచిన పాత పేపర్ల మీదికి చేర్చండి. రోజూ అదే చోటు. పని కాగానే మెచ్చుకుని చిన్న తాయిలం పెట్టండి. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగేచోట దించొద్దు, పార్వో సోకే ప్రమాదం ఉంది.

ఇంట్లో తడిపిందని కొడితే మీ కంటపడకుండా మంచం కింద చేయడం నేర్చుకుంటుంది, అంతే! అక్కడ వాసన మిగలకుండా కడగండి. అమ్మోనియా కలిసిన క్లీనర్లు వాడితే మూత్రం వాసనే అనుకుని మళ్లీ అక్కడికే వస్తుంది.

పెంపుడు కుక్కల్ని అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధించకూడదని, లిఫ్టు ఎక్కనివ్వాలని జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. అయినా కింద అది చేసింది ఎత్తాల్సింది మనమే. జేబులో ఓ కవరుంటే పక్కింటివాళ్లతో పేచీ ఉండదు. కొన్ని నెలలు ఓపిక పడితే, అదే తలుపు దగ్గర నిలబడి మిమ్మల్ని పిలుస్తుంది.