నింపిన గడి ఖాళీగా కనబడుట యెందువలన?

గార మండలములోని శ్రీకూర్మం గ్రామస్థుల పేర్లును, తండ్రి పేర్లును, ఇంటి నంబర్లును ఒక పట్టికలో సిద్ధముగా నున్నవనియు, వానిని ఒక్కొక్కరి దరఖాస్తు ఫారములోను చేతితో టైపు చేయుటకు మారుగా చిన్న ప్రోగ్రాముచేత నింపించి ఒక్క పూటలో పని ముగించవలెనని కంప్యూటరు నెరిగిన యువకుడొకడు సంకల్పించెననియు అనుకొందము. ప్రోగ్రాము ఏ తప్పును చూపక ముగియును, ఫైళ్లన్నియు తయారగును, కాని తెరచి చూడగా గడులన్నియు ఖాళీగా నుండును. ఖాళీగా కనబడు గడిలో మౌసుతో నొక్కినంతనే పేరు ప్రత్యక్షమగును. వెలుపల నొక్కినంతనే అదృశ్యమగును. ప్రింటు తీసినచో పేరు లేని ఫారమే చేతికి వచ్చును. పి.డి.ఎఫ్. ఫారములతో పనిచేయు ప్రోగ్రామర్లందరికిని ఎప్పుడో ఒకప్పుడు ఎదురగు చిక్కు ఇది. దీని కారణము గ్రహించినవారికి తక్కిన చిక్కులలో సగము వాటంతటవే విడిపోవును.

ఆ కారణము పి.డి.ఎఫ్. పుట్టుకలోనే కలదు. 1991లో అడోబీ అను సాఫ్ట్‌వేరు సంస్థ స్థాపకులలో నొకడైన జాన్ వార్నాక్ ‘కేమెలాట్’ అను పేరుతో ఒక ప్రణాళికను రచించెను. ఒకచోట తయారైన పత్రము ఏ యంత్రముపైనను, ఏ ప్రింటరుపైనను అక్షరము కదలక, గీత చెదరక, ఒకే రూపమున కనబడవలెనన్నది ఆయన ఆశయము. 1993లో పి.డి.ఎఫ్. ఆ ఆశయమునకు ఫలముగా వెలువడినది. 2008లో అంతర్జాతీయ ప్రమాణముగా స్వీకరింపబడినది. మార్పు లేకుండుటయే ప్రాణముగా పుట్టిన ఈ పత్రమునకు, 1996లో వచ్చిన 1.2వ రూపాంతరమున, ఫారములు చేర్చబడినవి. అనగా స్థిరమైన కాగితముపై మారదగిన గడులు వెలసినవి. నేటి చిక్కులలో హెచ్చుపాలు ఈ రెండు స్వభావములను ఒకే ఫైలులో ఇముడ్చుటవలన కలిగినవేయని నా నిశ్చితాభిప్రాయము.

ఏలననగా, పి.డి.ఎఫ్.లోని ప్రతి గడికిని రెండు అంశములు కలవు. మొదటిది దాని విలువ: పేరు, ఊరు, తేదీ మొదలగు సమాచారము. రెండవది దాని రూపము: ఆ విలువను ఏ ఫాంటుతో, ఏ పరిమాణమున, గడిలో ఏ స్థానమున గీయవలెనో తెలుపు చిత్రలేఖనాదేశము. తెరపై పత్రమును చూపు సాఫ్ట్‌వేరు సాధారణముగా రెండవదానినే గీయును. గడిలో నొక్కినప్పుడు మాత్రము, దిద్దుటకు వీలు కల్పించవలెను గనుక, మొదటిదానిని వెలికి తీయును. మన యువకుని ప్రోగ్రాము విలువను వ్రాసి రూపమును వ్రాయక విడిచినది. అందువలననే ఆ దోబూచులాట. బ్రౌజర్లు కొన్ని విలువను చూచి తామే గడిని చిత్రించుకొనును గనుక, ఒకచోట సరిగా నున్న ఫారము జిరాక్సు దుకాణమునందలి కంప్యూటరులో ఖాళీగా కనబడుటయు కలదు.

ఇంతకంటె ప్రమాదకరమైన సందర్భ మింకొకటి కలదు. ఒకసారి నింపిన ఫారమునే తెరచి, పేరు మార్చి మరల భద్రపరచినప్పుడు, విలువ క్రొత్తదై రూపము పాతదిగా నిలిచిపోవచ్చును. అప్పుడు కాగితముపై ఒకరి పేరును, కంప్యూటరు చదువుకొను సమాచారములో మరియొకరి పేరును ఉండును. ఖాళీ గడిని ఎవరైనను గుర్తింతురు. ఇట్టి ద్వంద్వమును గుర్తించువా రరుదు. పింఛను కొరకో, పట్టా కొరకో వచ్చిన నిరుపేదకు దీనివలన కలుగు కష్టము చిన్నది కాదు.

దీనికి రెండు మార్గములున్నవి. రూపములను నీవే గీసికొనుమని చూపు సాఫ్ట్‌వేరును కోరు ఒక సంకేతమును ఫైలులో ఉంచుట మొదటిది. ప్రోగ్రామర్లు దీనిని ‘నీడ్ అప్పియరెన్సెస్’ అందురు. ఇది సులభమే గాని, అన్ని సాఫ్ట్‌వేర్లును దీనిని మన్నింపవు. 2017లో వెలువడిన 2.0వ ప్రమాణము దీనిని నిరాకరించినది కూడ. విలువతోబాటు రూపమును ప్రోగ్రాముచేతనే వ్రాయించుట రెండవది. శ్రమతో కూడినదైనను నమ్మదగినది ఇదియే. పి.డి.ఎఫ్.బాక్స్, ఐటెక్స్ట్, పైపీడీఎఫ్ మొదలగు ప్రోగ్రామింగు గ్రంథాలయములతో (లైబ్రరీలతో) పనిచేయువారు, తాము పిలుచు ఆదేశము రూపమును కూడ వ్రాయుచున్నదో లేదో ముందుగా పరీక్షించుకొనవలెను.

ఇంగ్లీషు పేర్లకు ఇంతటితో కథ ముగియును. తెలుగు పేర్లకు ఇక్కడనే మొదలగును. ఫారములలో సాధారణముగా నిర్దేశింపబడు ఫాంటు హెల్వెటికా. దానిలో తెలుగు అక్షరమొక్కటియు లేదు. పి.డి.ఎఫ్. తనవెంట ఎల్లప్పుడును ఉండునని భావించిన 14 ప్రామాణిక ఫాంట్లలో దేనియందును తెలుగు లేదు. కావున ఊరి పేరుకు మారుగా డబ్బాలు వరుసగా నిలుచును, లేదా ప్రోగ్రాము తప్పు చూపి ఆగిపోవును. తెలుగు ఫాంటును ఫైలులో చేర్చినను పని పూర్తికాదు. ‘శ్రీకూర్మం’ అను పేరునే చూడుడు. తెలుగు లిపి 1991లోనే, యూనికోడ్ మొదటి రూపాంతరములోనే, స్థానము సంపాదించుకొన్నది. ఆ పద్ధతి ప్రకారము ఈ పేరు పది సంకేతముల వరుస: శ, విరామము (పొల్లు), ర, ఈత్వము, క, ఊత్వము, ర, విరామము, మ, సున్న. కంటికి కనబడునవి మూడక్షరములు. శకారము క్రింద రావత్తు చేరి, పైన గుడి దీర్ఘము నిలిచి, రకారము క్రింద మావత్తు అమరి పది సంకేతములు మూడక్షరములుగా కూడుటకు, ఫాంటులోని నియమములను చదివి ఆకృతులను కూర్చు యంత్రాంగమొకటి కావలెను. హార్ఫ్‌బజ్ అట్టిది; పెక్కు బ్రౌజర్లలోను, ఆండ్రాయిడ్ ఫోన్లలోను తెలుగును కూర్చునది అదియే. ఫారము నింపు గ్రంథాలయములు పెక్కింటికి ఈ కూర్పు తెలియదు. అవి సంకేతములను వరుసగా గుచ్చి వదలును. పొల్లు ఒకవైపు, రకారము ఒకవైపు విడిపడి, వత్తులు క్రిందికి దిగక, పేరు చదువరాకుండ పోవును. లక్ష్మీనరసుపేట వంటి పేరులో మూడు హల్లులు కలియు సంయుక్తాక్షరము గతి యింకను దయనీయము.

విలువకును రూపమునకును వ్రాతపద్ధతి కూడ వేరు. విలువలో తెలుగును సంప్రదాయముగా యూటీఎఫ్-16 పద్ధతిని, ముందు రెండు బైట్ల గుర్తుతో వ్రాయుదురు. రూపములోనో, ఫాంటునందలి ఆకృతుల సంఖ్యలను వ్రాయవలెను. ఒకదానిని ఇంకొకచోట వ్రాసినచో అర్థములేని లాటిన్ అక్షరములు గడి నిండ కనబడును.

గడి పేర్లను గూర్చియు, టిక్కు గడులను గూర్చియు క్లుప్తముగా చెప్పెదను. ఫారములో ‘పేరు’ అని కనబడు గడి లోపలి పేరు వేరుగా, చుక్కలతో కూడిన వంశావళివలె నుండవచ్చును. పూర్తి పేరు చెప్పనిచో ప్రోగ్రాము దానిని కనుగొనలేదు. టిక్కు గడిలో ‘అవును’ అనుటకు ఏ పదము నియమింపబడినదో ఫారము తయారుచేసినవాని యిష్టము. ఆ పదము ఉన్నదున్నట్లు వ్రాయనిచో టిక్కు పడదు.

ఎక్స్.ఎఫ్.ఏ. అను మరియొక జాతి ఫారములు కలవు. పైకి పి.డి.ఎఫ్.గా నున్నను వీని లోపల ఫారమంతయు ఎక్స్.ఎమ్.ఎల్. భాషలో వేరుగా వ్రాయబడియుండును. మన కేంద్రప్రభుత్వపు కార్పొరేట్ వ్యవహారముల మంత్రిత్వశాఖ ఈ-ఫారములు చాలకాలము ఈ తీరుననే నడచినవి. 2022లో మొదట ఎల్.ఎల్.పి. (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థల) ఫారములును, తరువాత క్రమముగా తక్కినవియు వెబ్ పుటలలోనికి మారినవి. సాధారణ సాఫ్ట్‌వేరుతో తెరచినప్పుడు ‘దయచేసి వేచియుండుడు’ అను భావముగల ఇంగ్లీషు వాక్యము మాత్రమే కనబడినచో అది ఈ జాతిదేయని గ్రహింపవలెను. 2.0వ ప్రమాణము దీనిని విసర్జించినది గనుక, క్రొత్తగా ఇట్టి ఫారము నెవరును తయారుచేయరాదు.

ఇక సంతకము. దీనికి ఉపమానము శ్రీకూర్మముననే కలదు. అచటి శ్రీకూర్మనాథుని ఆలయ స్తంభములపై అనేక శతాబ్దముల శాసనములున్నవి. శకవర్షము 1203, అనగా క్రీ.శ. 1281 నాటి నరహరితీర్థ యతి శాసనము వానిలో ప్రసిద్ధము. తరువాత వచ్చిన దాత పూర్వశాసనమును చెక్కివేయక, మిగిలిన శిలాభాగముపై తన దానమును లిఖింపించెను. పి.డి.ఎఫ్.లో డిజిటల్ సంతకము పడిన తరువాత జరుగు మార్పులకును ఇదియే ధర్మము. సంతకము ఫైలులోని ఇన్ని బైట్లకని లెక్కకట్టి వేయబడును. వానిలో ఒక్కటి కదలినను సంతకము చెల్లదు. కావున క్రొత్త విషయమును ఫైలు చివర చేర్చుచు పోవు పద్ధతి ఏర్పడినది. అదియు సంతకము చేసినవాడు అనుమతించిన మేరకే. ఈ సంగతి నెరుగని ప్రోగ్రాము ఫైలునంతయు తిరుగవ్రాసి, 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము గౌరవించిన సంతకమును ఒక్క నిమిషములో నిరర్థకము చేయును.

చిక్కు వచ్చినప్పుడు ముందుగా ఫారము ఏ జాతిదో, సంతకము ఉన్నదో లేదో చూడవలెను. పిమ్మట గడుల లోపలి పేర్లను ప్రోగ్రాముచేత చదివించి పట్టిక వేసికొనవలెను. ఆపైన ఒక్క గడిని నింపి, విలువను వేరుగా చదివి, రూపమును రెండు మూడు సాఫ్ట్‌వేర్లలో కంటితో చూచి పోల్చవలెను. ఇక మార్చనక్కరలేని ఫారమునకు, కూర్పు సరిగా జరిగిన తెలుగు రూపమును పుటలోనే కలిపివేసి గడిని తొలగించుట క్షేమము. గడి మిగిలియుండగా ఎవరైనను దానిని దిద్దినచో చూపు సాఫ్ట్‌వేరు తన ఫాంటుతో మరల గీసి పేరును చెరుపవచ్చును. కాని కలిపివేయుటకు ముందు, విలువలు గల ప్రతిని వేరుగా దాచుకొనుట మరువరాదు.

ప్రభుత్వ కార్యాలయములకై ఫారములు రూపొందించువారికి నా విన్నపమొక్కటే. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి సరియనుకొనక, శ్రీకూర్మం, ఇచ్ఛాపురం, ఎచ్చెర్ల, లక్ష్మీనరసుపేట అను నాలుగు పేర్లను గడులలో నింపి, తెరపైన, ఫోనులోన, కాగితముపైన చూచి, నాలుగును సరిగా కనబడినప్పుడే ఫారమును ప్రజలకు విడుదల చేయుడు. ఫారము ముద్రింపించుకొను పాఠకులును తెరపై చూచితిమి గదాయని సంతకము చేయక, చేతికి వచ్చిన కాగితముపై తమ పేరును ఊరును చదివి చూచుకొనవలెను.