నడిచిన ఊళ్లు

ఇల్లు వెంటబెట్టుకుని దేశాలు తిరగడం ఈ రోజుల్లో ఒక కొత్త వేడుక అయింది. యూరపులో వుద్యోగాలు చేస్తున్న మన కుర్రవాళ్లు సెలవులు దొరకగానే ఒక చక్రాల ఇంటిని అద్దెకు తీసుకుంటారు. వూరినుంచి వచ్చిన తాతగారూ నాయనమ్మా కిటికీ పక్కన కూర్చుంటారు. మనుమలు వెనుక మంచమెక్కి అల్లరి చేస్తారు. ఆల్ప్సు కొండల నీడలో బండి ఆపి కోడలు పొయ్యి వెలిగించి ఉప్మాకు తాలింపు వేస్తుంది. మూడు తరాలవారు ఒక్క గూట్లో వండుకుని, తిని, పడుకుని, తెల్లవారగానే మరో దేశానికి సాగిపోతారు. ఆ ఫోటోలు చూసి, తెల్లవాళ్లు యెంత చక్కని వుపాయం కనిపెట్టారని మనం ముక్కుమీద వేలు వేసుకుంటాం.

అంత ఆశ్చర్యపడనక్కరలేదు. ఖమ్మం దాటి భద్రాచలం వైపు అడవి చిక్కబడే చోట, సంసారాలకు సంసారాలు కదిలి నడిచిన దారులు మనకే వుండేవి. ఆ దారుల్లో తిరిగినవారు లంబాడీలు. వారిది పదిరోజుల సెలవు కాదు. తాత ఒక మజిలీలో పుట్టేవాడు, తండ్రి మరొక మజిలీలో పుట్టేవాడు, మనుమడికి ఇంకెక్కడో వూయల కట్టేవారు. ముగ్గురికీ సొంత వూరు ఒకటే. అది నడిచే వూరు.

మాటల్లో మిగిలిన బాట

మాటల పుట్టుక వెతికితే ఒక్కొక్కప్పుడు చరిత్ర పుస్తకంలో దొరకని సంగతులు దొరుకుతాయి. ‘కారవాన్’ అనేది పారశీక పదం. బారులు తీరి కలిసి ప్రయాణం చేసే వర్తకుల గుంపు అని దాని అర్థం. ఇంగ్లీషువారు ఆ మాటను తీసుకుని, తల కోసివేసి, తోక మాత్రం వుంచుకున్నారు. మనం రోజూ చూసే ‘వ్యాను’ ఆ తోకే! గోలకొండ కోట పక్కన వర్తకుల బిడారులు దిగిన చోటు ఈనాటికీ హైదరాబాదులో కార్వాన్ పేటగా వున్నది. అదే నగరంలో బంజారా హిల్సుకు ఆ పేరు లంబాడీలవల్ల వచ్చిందే. బంజారాలన్నా, సుగాలీలన్నా, లంబాడీలన్నా ఒకరే.

ఇక ‘తాండా’. ఈనాడు తాండా అంటే ఒక పల్లె. బడి, బోరింగు, బస్సు ఆగే చోటు వున్న పల్లె. కాని పూర్వం ఆ మాటకు అర్థం పల్లె కాదు. సరుకుతో, పశువులతో, పిల్లా మేకతో సాగిపోయే బిడారు. నడకకు పేరైన మాట నిలకడకు పేరుగా మారింది. ఆ మార్పు యెందుకు వచ్చిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఎడ్లమీద సంసారం

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఉత్తర హిందూస్థానంలో ప్రయాణం చేస్తూ ఒక తాండాను చూశాడు. అందులో 14,000 ఎడ్లు వున్నాయనీ, అన్నిటిమీదా ధాన్యమేననీ రాసుకున్నాడు. భార్యలు, బిడ్డలు, ఇంటి సామాను మొత్తం వారి వెంటే వున్నదనీ, ఒక్కొక్క తాండాలో యెన్నో కుటుంబాలు వుంటాయనీ, రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవరనీ అతని లెక్క. అదే శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావర్నియే పది పన్నెండు వేల ఎడ్ల బిడారులను వర్ణించాడు. ఇరుకు దారిలో అటువంటి తాండా ఎదురైతే, అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు బండ్లు ఆపుకుని కూర్చోవలసిందేనట!

ఇక్కడ బండ్లు అన్నది ఇతరుల బండ్లు. తాండాలో బరువు మోసింది ఎద్దు వీపే. రెండు వైపులా గోనె సంచులు వేలాడేవి. ఆ ఎడ్లను మన తెలుగులో పెరికెడ్లు అనేవారు. మన ఖమ్మం, వరంగల్లు ప్రాంతాల్లోని పెరికవారికి ఆ పేరు ఈ పెరికె బరువులవల్లే వచ్చింది. ఇంగ్లీషువారి ‘గన్నీ’ సంచి కూడా మన గోనెకు చుట్టమే. బరువెక్కించి దూరదేశాలకు సాగే ఆ వర్తకాన్ని లంబాడీలు తమ భాషలో ‘లదేణి’ అన్నారు.

తాండాకు పెద్ద నాయకుడు. వారు ‘నాయక్’ అంటారు. యెక్కడ దిగాలి, యే తగవుకు యేమి తీర్పు అన్నవి అతని మాట. అయితే నాయకుడికన్నా ముందు నడిచేది ఒక ఎద్దు. దానిని దేవుడికి విడిచిపెట్టేవారు. దాని వీపుమీద గింజ బరువైనా వేసేవారు కాదు. ఎర్రపట్టు కుచ్చులు, గవ్వలు, ఇత్తడి బిళ్లలు, గంటలు అలంకరించి, ‘హతాడియా’ అని పిలిచేవారు. అది అలసి యెక్కడ పడుకుంటే ఆనాటికి అక్కడే మజిలీ. మనిషికి జ్వరం వచ్చినా, పశువుకు తెగులు వచ్చినా దాని కాళ్లదగ్గరే మొక్కుకునేవారు.

నాయనమ్మకు పని లేకుండా వుండేది కాదు. పాతగుడ్డల మీద అద్దాలు, గవ్వలు కుట్టడం ఆవిడే మనుమరాలికి నేర్పాలి. వానకాలంలో నల్లరేగడి దారులు దిగబడేవి. అప్పుడు తాండా ఒకచోట ఆగేది. పెళ్లిళ్లకు, పండుగలకు అదే సమయం. పశువుల క్షేమంకోసం సీత్లా భవానికి మొక్కడం, పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ నారు పోసి తొమ్మిది రోజులు పెంచే తీజ్ పండుగ ఈనాటికీ వానకాలపు ముచ్చట్లే. నడక మానివేసినా పంచాంగం మాత్రం నడకనాటిదే.

మన అడవికి ఉప్పు

అడవిలో విప్పపూవు దొరుకుతుంది, చింతపండు దొరుకుతుంది, తేనె దొరుకుతుంది. ఉప్పు దొరకదు. గోదావరి దాటి బస్తరు లోపలిదాకా వున్న కోయ, గోండు గూడేలకు ఉప్పు సముద్రతీరంనుంచి రావాలి. ఆ ఉప్పు మోసినవారిలో ముఖ్యులు లంబాడీలే. తీరాన ఉప్పు ఎత్తుకుని, అడవి దారిన పైకి వెళ్లి, తిరుగుదారిలో ధాన్యమూ అటవీ సరుకూ దింపుకునేవారు. కూరలో వేసుకునే చిటికెడు ఉప్పు వెనుక ఒక ముసలమ్మ, ఒక బాలింత, ఒక కుక్క, వంద ఎడ్లు నడిచిన శ్రమ వుండేది.

కుక్కను ఊరికే చెప్పలేదు. లంబాడీ కుక్క విశ్వాసానికి పేరు. మన పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో ఒక కథ చెబుతారు. అప్పు తీర్చలేని లంబాడీ ఒకడు తన కుక్కను షావుకారుకు తాకట్టు పెట్టాడు. షావుకారు ఇంట్లో దొంగలు పడ్డారు. దోచిన సొమ్ము దాచిన చోటు కుక్కే చూపించింది. సంతోషించిన షావుకారు అప్పు తీరిపోయిందని చీటీ రాసి, దాని మెడకు కట్టి, యజమాని దగ్గరకు పంపాడు. పరుగెత్తి వస్తున్న కుక్కను చూసి లంబాడీ, మాట తప్పి పారిపోయి వచ్చిందని మండిపడి, అక్కడికక్కడే చంపేశాడు. ఆ తరువాత చీటీ చూశాడు. ఆ కుక్కకు అక్కడ గుడి కూడా వున్నది. ప్రాణంకన్నా ఇచ్చిన మాట పెద్దదని నమ్మిన జాతి చెప్పుకునే కథ ఇది. ఆ జాతికే తరువాత దొంగలని పేరు పెట్టారు!

దారులు మూసుకున్నాయి

దండయాత్ర చేసే ప్రభువులకు లంబాడీలు కావలసినవారు. మొగలుల దక్కను యుద్ధాలలో సేనలకు తిండిగింజలు అందించింది వీరే. ఆ మొగలు సేనాని వీరికి బంగారు అక్షరాల రాగిశాసనం ఇచ్చాడనీ, దారిలో యెవరి కుండలో నీళ్లైనా తాగవచ్చుననీ, యెవరి కప్పు గడ్డైనా ఎడ్లకు వేయవచ్చుననీ అందులో వున్నదనీ చెప్పుకుంటారు. టిప్పుమీదికి వెళ్లిన కారన్‌వాలిసు సేనలకూ వీరి ఎడ్లే గతి అయినాయి.

యుద్ధాలు తగ్గాయి. యంత్రాలు వచ్చాయి. మొదట కాటన్ దొర గోదావరిమీద పడవలు నడిపి, బీరారు పత్తిని సముద్రానికి దింపాలనీ ఉప్పును పైకి పంపాలనీ తలపెట్టాడు. భద్రాచలానికి యెగువన దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నానికి మిగిలిన గుర్తు. ఖర్చు పెరిగి 1871లో ఆ పథకాన్ని వదిలివేశారు. పడవలు చేయలేని పని రైలు చేసింది. నిజాము రాజ్యపు రైలుదారి 1889 నాటికి ఖమ్మం మీదుగా బెజవాడ చేరింది. ఒక్క రైలు ఒక్క రాత్రిలో తెచ్చే సరుకు ముందు వేయి ఎడ్లు యేమూలకు?

పడవల పథకం ఆగిన 1871లోనే ఇంకొకటి మొదలైంది. అది నేరస్థ జాతుల చట్టం. పుట్టిన కులాన్నిబట్టి మనిషిని నేరస్థుడుగా పట్టీలో రాసే చట్టం అది. ఉత్తర దేశంలో మొదలై 1911లో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. కొన్నిచోట్ల లంబాడీలనూ ఆ పట్టీలో చేర్చారు. నిన్నటిదాకా సేనలకు అన్నం మోసినవాడు, మోయడానికి సరుకు లేక తిరుగుతూ కనబడితే అనుమానితుడైనాడు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో, ఆ చట్టాన్ని తీసివేశారు. పేరుమీది మచ్చ అంత త్వరగా పోలేదు.

యూరపులో చుట్టాలు

ఇక యూరపుకు పోదాం. అక్కడ జిప్సీలనే వారున్నారు. ఈజిప్టునుంచి వచ్చారని పొరబడి తెల్లవాళ్లు పెట్టిన పేరు అది. వారు తమను రోమాలంటారు. 1782లో రూడిగర్ అనే జర్మను పండితుడు వారి భాషను హిందుస్తానీతో పోల్చి చూసి, అది మన దేశపు భాషేనని చాటాడు. ఒకటినుంచి అయిదువరకు లంబాడీలు ఏక్, దీ, తీన్, చార్, పాంచ్ అని లెక్కిస్తే, రోమాలు యేఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్ అంటారు. ఇద్దరికీ ముక్కు నాక్, చెవి కాన్. నీళ్లు పానీ. లంబాడీలూ రోమాలూ ఒకే ఇంటి బిడ్డలని రుజువు చేయడానికి ఇది చాలదు. కాని రెండు భాషలూ ఒకే ఆర్య కుటుంబానివి. రోమాల పూర్వులు సుమారు 1,500 యేళ్లనాడు వాయవ్య భారతంనుంచి బయలుదేరారని 2012లో వచ్చిన జన్యు పరిశోధన కూడా చెప్పింది.

వారి కథ కూడా మన తాండా కథే. 1427లో ఒక గుంపు పారిస్ చేరితే ఊరు ఊరంతా వింత చూడడానికి కదిలింది. 1530లో ఇంగ్లండు వారిని వెళ్లగొట్టే చట్టం చేసింది. 1554లో, పోకుండా నిలిచినవారికి మరణశిక్ష అన్నది. హిట్లరు కాలంలో కనీసం రెండు లక్షలమంది రోమాలు హతులైనారు.

ఇంతలో ఒక చిత్రం జరిగింది. పందొమ్మిదవ శతాబ్దం నడుమ రోమాలు గుడారాలు విడిచి గుర్రపు బండిమీద చిన్న ఇల్లు కట్టుకున్నారు. పొయ్యి, మంచం, రంగుల చెక్కపని అన్నీ వుండేవి. అది చూసి ముచ్చటపడి స్టేబుల్సు అనే విశ్రాంత నౌకా వైద్యుడు 1885లో తనకు అటువంటి బండి చేయించుకున్నాడు. రెండు గుర్రాలు లాగేవి. ముందు మూడు చక్రాల సైకిలుమీద నౌకరు దారి చూసేవాడు. విలాసానికి చక్రాల ఇల్లు కట్టించుకున్న మొదటి పెద్దమనిషి ఆయనేనంటారు. 1907లో అటువంటివారికి క్లబ్బు కూడా ఏర్పడింది. అద్దెకు దొరికే నేటి చక్రాల ఇళ్లు ఆ వంశంలోవే. పేదవాడు అదే బండిలో తిరిగితే దిమ్మరి, కలవాడు తిరిగితే విహారి!

1971 ఏప్రిల్ 8న లండను దగ్గర రోమాలు తమ మొదటి ప్రపంచ సభ జరుపుకుని ఒక జెండా యెన్నుకున్నారు. దానిమీద బొమ్మ యేమిటో తెలుసా? చక్రం.

నిలిచిన తాండా

మన తాండాలు నిలిచాయి. 2011 జనాభా లెక్కలనాటికి తెలంగాణా ప్రాంతంలో లంబాడీలు 20 లక్షలకు పైబడి వున్నారు. ఆంధ్ర ప్రాంతంలో ముందునుంచీ గిరిజనులుగా వున్న వీరిని, తెలంగాణాలో 1976 చట్టంతో ఆ జాబితాలో చేర్చారు. 2018 పంచాయతీ చట్టంతో 500 జనాభా దాటిన తాండాలు సొంత పంచాయతీలైనాయి. నడిచిన వూరికి సర్పంచి వచ్చాడు!

అన్నీ సుఖాంతాలు కావు. అడవినే నమ్ముకున్న కోయలకు, తరువాత వచ్చి స్థిరపడినవారితో భూమి దగ్గరా వుద్యోగాల దగ్గరా పేచీ వున్నది. ఆ తగవును తేలికగా కొట్టివేయరాదు. ఒకప్పుడు ఉప్పు తెచ్చినవాడూ, ఆ ఉప్పుకోసం యెదురుచూసినవాడూ ఈనాడు ఒకే గిన్నె ముందు కూర్చున్నారు. గిన్నె చిన్నది.

మరొక నష్టం చప్పుడు లేకుండా జరుగుతున్నది. లంబాడీ భాషకు సొంత లిపి లేదు. అది నాయనమ్మ నోటినుంచి మనుమడి చెవిలోకి, నడుస్తూ నడుస్తూ దిగిన భాష. మూడు తరాలు ఒకే దారిలో నడిచినన్నాళ్లు దానికి బడి అక్కరలేకపోయింది. ఇప్పుడు మనుమడు పట్నం హాస్టల్లో, కొడుకు మరొక పట్నంలో, నాయనమ్మ ఒక్కతే తాండాలో. ఆవిడ పాటలు, మజిలీల పేర్లు, కుట్టుపని గుర్తులు తెలుగు లిపిలోనైనా యెక్కించుకునే పని ఆ పిల్లలే చేయాలి. చదువుకున్నవారు వారికి తోడుపడాలి. రైలు మోయగలిగింది సరుకును మాత్రమే. ఈ బరువును మనిషే మోయాలి.