కూజాలో నిలిచే లిల్లీ

మన రావికమతంలో లిల్లీ వేసేవారు దండపూలు తూకానికి అమ్మడం వేరు, కాడతో కోసి అమ్మడం వేరని గుర్తుంచుకోవాలి. కాడ నడుము వంగినా, కూజాలో మొగ్గలు విచ్చకుండానే వాడినా కొన్నవాడు మళ్లీ రాడు. ఎరువు, నీరు కొంతవరకే సాయం. మిగతాది రకంలోనే ఉండాలి.

బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు శృంగార్ రకాన్ని మెక్సికన్ సింగిల్‌తో సంకరపరచి ప్రజ్వల్ రకాన్ని తీశారు. కాడ పొడవు, గట్టిది. మొగ్గ లేత గులాబి, విచ్చితే తెలుపు. దండకూ కూజాకూ పనికొస్తుంది.

సంకరమంటే మాటలా? ఒక మొక్క పుప్పొడిని మరోదాని కీలాగ్రానికి అంటించి, గింజ కట్టించి, ఆ గింజల మొక్కలు పూసేదాకా ఆగి, కాడలు కోసి నీళ్లలో పెట్టి రోజులు లెక్కపెట్టాలి. ముద్దపూల రకాలైతే గింజ కట్టడమే అరుదు. ఒక్కసారి మంచి మొక్క దొరికిందా, ఆపైన దుంపలతో పెంచితే దాని గుణం చెదరదు.

దుంపలు బస్తాలకొద్దీ కొనేముందు రెండు రకాలు కొద్దికొద్దిగా నాటి చూడండి. అడుగు పువ్వులు ఒకటి రెండు విచ్చగానే రెండింటి కాడలూ ఒకే ఉదయం కోసి, శుభ్రమైన నీళ్లలో నీడన పెట్టండి. రోజూ ఎన్ని విచ్చాయో, ఎన్ని వాడాయో రాసుకోండి. కాడను మొదట పట్టుకుని అడ్డంగా చాపండి. తల వాల్చేసే రకాన్ని, వాసన ఎంత బాగున్నా సరే, దండలకే వదిలేయండి.