బొంగురు గొంతు లోపల ఏముంది?

జలుబు చేసి గొంతు బొంగురుపోతే మిరియాల పాలు తాగి ఊరుకుంటాం. అది వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది కాబట్టి తప్పులేదు. మూడు వారాలు దాటినా గొంతు బాగుపడకపోతే మాత్రం లోపల ఏముందో చూపించుకోవాల్సిందే. చుట్ట, బీడీ, సిగరెట్, గుట్కా అలవాటున్నవాళ్లు అన్నాళ్లు కూడా ఆగకూడదు. స్వరతంత్రుల మీద పుట్టే క్యాన్సర్‌కు తొలి ఆనవాలు చాలాసార్లు ఈ బొంగురే. నొప్పి ఉండదు గనుక ఎవరూ పట్టించుకోరు.

లోపల చూడటానికి ఎండోస్కోపీ చేయాలి అనగానే కడుపులోకి వేసే గొట్టం గుర్తొచ్చి జంకుతారు. ఈఎన్‌టీ డాక్టరు వాడేది మూడు నాలుగు మిల్లీమీటర్ల సన్నటి గొట్టం, ఎటంటే అటు వంగుతుంది. ముందుగా ముక్కులో మందు చల్లుతారు. లోపలి వాపు తగ్గి దారి ఇస్తుంది, తిమ్మిరెక్కుతుంది. చేదు గొంతులోకి జారి మింగుడు పడనట్టుంటుంది, కంగారు పడక్కర్లేదు. తిమ్మిరి వదిలేదాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. పొలమారుతుంది.

గొట్టం లోపలికి వెళ్తుంటే ముక్కు దూలం వంకర, పాలిప్‌లు, సైనస్ నుంచి కారే చీము ఒక్కొక్కటే బయటపడతాయి. కొండనాలుక వెనక నుంచి కిందికి దిగితే స్వరపేటిక. తెర మీద రెండు తెల్లటి పట్టీలు కనిపిస్తాయి, అవే స్వరతంత్రులు. “ఈ... అనండి” అంటారు డాక్టరు. రెండూ దగ్గరికొచ్చి కలుసుకుంటాయి. ఊపిరి పీల్చగానే తలుపు రెక్కల్లా తెరుచుకుంటాయి. రోగిని నిద్రపుచ్చకుండా చూసేది ఇందుకే. ఒక తంత్రి చచ్చుబడిందా లేదా అన్నది పలికించి చూస్తేనే తెలుస్తుంది. రోజంతా గొంతెత్తి మాట్లాడే టీచర్లకు ఆ తంత్రుల అంచుల మీద చిన్న బుడిపెలు లేస్తాయి. వాటికి చాలావరకు ఆపరేషన్ అక్కర్లేదు, స్వర చికిత్సతోనే తగ్గుతాయి.

స్వరతంత్రుల ఈ కదలికను 1854లోనే కళ్లారా చూసినవాడు సంగీతం మాస్టారు మాన్యుయెల్ గార్సియా. పళ్ల డాక్టర్ల అద్దాన్ని గొంతులో పెట్టుకుని, చేతి అద్దంతో ఎండను దాని మీదికి మళ్లించి తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. ఎంత అందమైన ఆలోచన! వంగే గొట్టానికి మాత్రం మరో వందేళ్లు పట్టింది. గాజుపోగుల కట్ట గుండా బొమ్మను చేరవేయొచ్చని 1954లో ‘నేచర్’ పత్రికలో చూపిన ఇద్దరిలో ఒకరు పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. రెండోవారు హెరాల్డ్ హాప్కిన్స్.

గొట్టంతో చూసినప్పుడు అనుమానం కలిగిన చోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. క్యాన్సర్ తొలి దశలోనే దొరికితే రేడియేషన్‌తోనో లేజర్‌తోనో నయం చేసి గొంతును కాపాడే వీలు ఎక్కువ. ముదిరాక వస్తే స్వరపేటికనే తీసేయాల్సి రావచ్చు.